లారీ కమాను పట్టీ ములికి

మా వర్క్‌షాప్ మేస్త్రి పోయాడు. సోమవారం పొద్దున నేను కాఫీ తాగుతుంటే నిర్మల్ దగ్గరి పల్లె నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "సారూ, బాపు పోయిండు. నిద్రలనే పోయిండు. దుబాయ్ల మీతోని పనిజేసిన ముచ్చట్లే జెప్పేటోడు ఎప్పుడు," అన్నాడు. మేం కలిసి పనిచేసింది ఖతార్‌లో. దిద్దబుద్ధి కాలేదు. చల్లారిన కాఫీ అలాగే తాగేశాను.

శుక్రవారం ఇక్కడ దోహాలో సంతాప సభ పెట్టారు. అల్ తుమామాలో మా అమ్మాయి ఇంటికి దగ్గరే కాబట్టి నేనూ వెళ్ళాను. దండ వేసిన ఫొటోలో మేస్త్రితో పాటు ఎవరిదో సగం భుజం కూడా ఉంది. పట్టుమని పది నిమిషాలు ఆయన పక్కన నిలబడని వాళ్ళు ఆ ఫొటోకి పద్యాలు వినిపించారు. చివర్లో మా కంపెనీ పర్చేజ్ మేనేజర్ మైకు అందుకున్నాడు. "మన అర్బాబ్ వేటకి పట్టుకెళ్ళిన బాణం ములుకులు నేనే దేశదేశాలు గాలించి ఏరానండీ. మేస్త్రి వాటికి చక్కగా సానపట్టి ఇచ్చేవాడు, పాపం," అన్నాడు. చప్పట్లు.

అర్బాబ్ అంటే మా యజమాని, ఖతారీ. పాపం అనే మాట మేస్త్రికి అంటించింది మాత్రం మేనేజరే. డెబ్బై రెండేళ్ళు వచ్చేసరికి నాకు శత్రువులు బాగా తగ్గిపోయారు. మిగిలినవాళ్ళని జాగ్రత్తగా చూసుకోవాలి. అందుకే ఇది రాస్తున్నాను. మేనేజర్ గారూ, మీరూ చదవండి. ఆ ములుకుల దగ్గర నేను ఉన్నాను. ఉండడమే కాదు, నా సంతకం మీ వైపే ఉంది. ఆ సంగతి కూడా చెబుతాను.

మేస్త్రి కులవృత్తి కమ్మరం. వాళ్ళ బాపు అడవి అంచున గోండు గూడేలకి బాణం ములుకులు చేసి ఇచ్చేవాడట. ఈయన ఖతార్ వచ్చి గేట్లూ మెట్లూ చేసే మా ఫ్యాక్టరీలో చేరాడు. ఇనప ముక్క ఏదైనా సరే, దారం కట్టి వేలాడదీసి గోటితో తట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. "లోపట పగులున్నది సారూ, పక్కకు బెట్టుండ్రి," అనేవాడు. నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. యంత్రంతో చూస్తే పగులు ఉండేది. ఆ రోజంతా నాకు మంటగా ఉండేది. అంచు పదును చూడడానికి ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు గీసేవాడు. ఆ చేయి ఎప్పుడూ సగం కోసిన చేనులా ఉండేది. కాలిన ఇనుముతో మాట్లాడేవాడు కూడా. "ఆగు, ఆగు, తొందర జెయ్యకు," అని. ఎవరితో అంటున్నావయ్యా అని అడిగితే, "మీతోని కాదు సారూ, మీరు జెప్తే ఇనరు గద," అని నవ్వేవాడు.

లేజర్ మిషన్లు వచ్చాక షెడ్డు మూలనున్న కొలిమి ఎందుకని మేనేజర్ పట్టుబట్టాడు. కొలిమి పోతే మేస్త్రికి పని లేదు. పని లేకపోతే వీసా లేదు. ఇంటికి పోవాల్సిందే. అప్పటికి ఆయన కూతురి చదువు ఇంకా సగంలోనే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అర్బాబ్‌కి విల్లు పిచ్చి పట్టింది. చక్రాలూ తీగలూ ఉన్న యంత్రపు విల్లు కాదు, కర్రతో చేసిన పాతకాలపు విల్లు. ఆఫ్రికాలో గుర్రమంత జింకలు ఉంటాయట, వాటి వేటకి వెళ్ళాలి. అలాంటి విల్లు నుంచి బాణం నెమ్మదిగా వెళ్తుంది. ఎముక తగిలినా ఆగకుండా కోసుకుపోయే వెడల్పాటి ములికి కావాలి, అదీ విరగనిది. మేనేజర్ కేటలాగులు తిరగేసి రెండు రకాలు తెప్పించాడు. ఒకటి మూడు రేకులది, రేకులు అరిగితే మార్చుకోవచ్చు. రెండోది ఒకే ముక్క, అద్దంలా మెరిసే గట్టి ఉక్కు. మేస్త్రి ఎవరూ అడక్కుండానే ఒకటి చేశాడు. పాత లారీ కమాను పట్టీ, అదే స్ప్రింగు ప్లేటు, కోసి, కాల్చి, కొట్టి, నూనెలో ముంచి, మళ్ళీ సన్న సెగ మీద పెట్టి నెమలి మెడ రంగు తేలేదాకా కళ్ళార్పకుండా చూశాడు. రెండే అంచులు. మొన మందంగా, కాస్త మొద్దుగా ఉంది. చూడడానికి నల్లగా, వికారంగా ఉంది.

అర్బాబ్ ఒకటే మాట అన్నాడు. "మేస్త్రిది గెలిస్తే కొలిమి ఉంటుంది. ఓడితే ఖలాస్."

మేనేజర్ మూడింటినీ నా టేబుల్ మీద పెట్టాడు. నేను గట్టిదనం కొలిచాను. మెరిసేది అరవై చూపించింది. మేస్త్రిది యాభై రెండు.

"ఏవండీ గురువుగారూ, ఇన్ని పుస్తకాలు చదివారు, అరవై పెద్దదా యాభై రెండు పెద్దదా? రాసి సంతకం పెట్టండి మరి," అన్నాడు మేనేజర్.

పెట్టాను. 'నాసిరకం' అని రాసి మరీ పెట్టాను. లంచం లేదు, భయం లేదు. నిజంగా నమ్మాను. చదువుకున్నవాడి రోగం అది. అంకె కనిపించాక చేత్తో చూడడం మానేస్తాడు. మేస్త్రి కాగితం చూసి, "ఏం రాసిండ్రు సారూ?" అని అడిగాడు. చెప్పాను. "మంచిగనే రాసిండ్రు. ఇంక బొక్క ఏమంటదో జూద్దాం," అన్నాడు. బొక్క అంటే ఎముక.

పరీక్ష శుక్రవారం పొద్దున, దుఖాన్ దారిలో అర్బాబ్ తోటలో. మేస్త్రి కసాయి దగ్గరికి తనే వెళ్ళి పలకలా వెడల్పాటి ఒంటె జబ్బ ఎముకలు పచ్చివి తెచ్చాడు. ఎండినవి ఊరికే పగులుతాయి, అందులో ఏమీ తెలియదు అన్నాడు. ఇసుక దిబ్బ ముందు ఒక్కో ఎముకనీ చట్రానికి కట్టాం. పదిహేను గజాల దూరం. గాలి మొహం మీదికి ఇసుక చల్లుతోంది. నిజం చెప్పొద్దూ, నా గుండె కుర్రాడి గుండెలా కొట్టుకుంది.

మొదటి బాణం, మూడు రేకులది. టప్‌మంది. తీసి చూస్తే రెండు రేకులు లేవు. మేనేజర్ గొంతు సవరించుకున్నాడు.

రెండోది, అరవై. ఎముకలో సగం దాకా దిగింది! మేనేజర్ చప్పట్లు కొట్టాడు. మేస్త్రి వెళ్ళి బాణాన్ని మెల్లగా లాగి, ములికిని అరచేతిలో పెట్టుకుని మా దగ్గరికి తెచ్చాడు. మొన లేదు. గోరంత ముక్క లోపలే విరిగిపోయింది.

మూడోది మేస్త్రిది. అర్బాబ్ విల్లు లాగాడు. బాణం వెళ్ళి జబ్బ ఎముక మధ్యలో నిలువుగా ఉండే గట్టి గట్టుకి తగిలి, ఎగిరి కింద పడింది. మొన ఒక పక్కకి వంగింది.

"మాఫీ! ఖలాస్!" అని మేనేజర్ ఎగిరాడు. మాఫీ అంటే అక్కడి అరబ్బీలో లేదు, కాదు అని. "చూశారా గురువుగారూ, మీరు రాసిందే రైటు!"

నేను రాసిందే రైటు. జీవితంలో ఆ మాట వినాలని లేని రోజు అదొక్కటే.

మేస్త్రి గట్టి రాయి ఒకటి వెతికి, మోకాలి మీద కూర్చుని, ములికిని దాని మీద ఆనించి, జేబులోంచి చిన్న సుత్తి తీశాడు. టక్, టక్. కంటి ముందు పెట్టి చూశాడు. టక్. ఆకురాయితో అంచు నాలుగు గీతలు గీశాడు. ముంజేతి మీద గీసుకున్నాడు. లేచాడు.

"యల్లా, కానియ్యుండ్రి. మళ్ళ కొట్టుమనుండ్రి సారూ."

"విరిగినదాన్ని కూడా బాగుచెయ్యగలవా?" అని అర్బాబ్ హిందీలో అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

"గది ఇగ కాదు. వంగినదాన్ని సక్కగ జెయ్యొచ్చు, ఇరిగినదాన్ని ఏం జేస్తం? అడవిల ఆ ముక్క జింక పెయ్యిల ఉండిపోతది. సావది, బతుకది. ఎన్ని దినాలు ఉరుకుతదో, ఎంత తిప్పలవడ్తదో. కొట్టినంక ఒక్కపారే అయిపోవాలె. అది జీవి సారూ, గేటు గాదు."

పెయ్యి అంటే ఒళ్ళు. ఈ మాటలు అర్బాబ్‌కి హిందీలో చెప్పాను. నేను కొలిచిన అంకెలో ఆ జింక లేదు. గట్టిదనం పెరిగితే పెళుసుదనం కూడా పెరుగుతుందని నా పుస్తకాలన్నిటిలోనూ ఉంది. ఆ వాక్యాల కింద నేను గీసిన గీతలు కూడా ఉన్నాయి. జేబులోంచి నా రిపోర్టు తీసి అందరి ముందూ నాలుగు ముక్కలు చేశాను. మేనేజర్ గారూ, ఆ ముక్కలు ఏరింది మీరే. మీరు నిజంగా ఏరినవి అవే.

కొత్త ఎముక కట్టాం. అర్బాబ్ ఊపిరి బిగబట్టాడు. ఈసారి టప్‌మనలేదు. గుడ్డ చింపినట్టు ఒక చప్పుడు, అంతే. ఎముక ఊగింది, బాణం కనిపించలేదు. అటువైపు ఇసుకలోకి దూరిపోయింది!

నేను అరిచాను. డ్రైవర్లు ఈలలు వేశారు. అర్బాబ్ విల్లు దించి మేనేజర్ వైపు తిరిగి, "జైన్, బాగుంది. కొలిమి ఉంటుంది," అన్నాడు.

మేస్త్రి ఆ మాట వినలేదు. అప్పటికే ఎముక దగ్గరికి సగం దూరం వెళ్ళిపోయాడు. "మేస్త్రీ! కొలిమి ఉంటదంట!" అని ఆయన భాషలోనే గొంతు చించుకున్నాను. గాలి నా మాటని వెనక్కి విసిరింది. ఆయన కట్లు విప్పి, పళ్ళెమంత ఎముకని రెండు చేతులతో పైకెత్తి, మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తెల్లటి ఎముక, దాని నడుమ రెండు వేళ్ళ పొడుగు సన్నటి చీలిక, ఆ చీలికలోంచి మావైపే చూస్తూ ఒక కన్ను.