మామ లారీ దిగాక

పోయిన వారం నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. నాతో పాటు ఆఫీసులో ఫైళ్ళు మోసిన నలుగురు, ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, సముద్రంలో నిలబడి పళ్ళికిలిస్తున్నారు. కింద ఒక ప్రశ్న: "నువ్వెందుకు రాలే?" మోకాళ్ళ నొప్పి అని రాసి పంపాను. నా మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. గడువుకు ముందే ఉద్యోగానికి సలాం కొట్టి బీదర్‌లో ఇల్లు పట్టుకుని కూర్చున్నవాణ్ణి, గడప దాటడం ఇష్టం లేదు, అంతే. కానీ రోజుకొక అబద్ధమైనా ఆడకపోతే నాకు అన్నం అరగదు. ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచి మాత్రం పాత అబద్ధం ఒకటి గొంతులో ముల్లులా కదులుతోంది.

మా మేనమామ బీదర్‌లోని గాంధీ గంజ్ బజారు నుంచి శనగపప్పు లోడుతో దేశమంతా తిరిగిన లారీ డ్రైవరు. ఆయన హారను మోగితే ఎక్కడో దూరాన కమలనగర్‌లో గేదెలు పాలు చేపేవని నేనే ప్రచారం చేశాను. కొందరు నమ్మారు కూడా. అలాంటి మనిషి లారీ దిగిన రోజున వాకిట్లో మంచం వాల్చుకుని ప్రకటించాడు: "జిందగీ అంత రోడ్డు మీదనే కతమైంది. ఇగ నేను గేటు దాట. ఎవ్వలు పిల్వకుర్రి." ఆ మాట మీదే నిలబడ్డాడు. హుల్సూర్‌లో సొంత తమ్ముడి కూతురి పెళ్ళయితే మంచం మీద నుంచే ప్రార్థన చేసి దీవించాడు. క్షవరం చేసే మనిషి కూడా ఇంటికే రావలసి వచ్చేది. ఆయన్ను పూర్తిగా తప్పుపట్టనూ లేం. లోకంలోని ఊళ్ళన్నీ తిరిగినవాడికి తన ఇల్లొక్కటే కొత్త ఊరు. వేడి అన్నం, రోజూ అదే దిండు, అదే కిటికీ. వాటిని కళ్ళారా చూసుకుంటూ పడుకునేవాడు.

ఇబ్బందల్లా అత్తతో. ఆయన తిరిగినన్నాళ్ళూ ఆమె ఆ ఇంట్లోనే ఉంది. "నువ్వు దిగినంక నేనెక్కుదామనుకుంటి గదయ్యా" అనేది, నవ్వుతూనే.

ఆమెకు సముద్రం మీద పట్టుదల పుట్టింది ఒక పొరపాటు వల్ల. మా చర్చికి కోస్తా నుంచి కొత్తగా ఒక అయ్యగారు వచ్చారు. ఆయన తెలుగు కావ్యం చదివినట్టుండేది. ఒకరోజు స్త్రీల కూడికలో, "ఎర్ర కడలిని రెండుగా చీల్చినదెవరు?" అని అడిగారు. అది మోషే కథే, అందరికీ తెలిసిన ఎర్ర సముద్రమే. కానీ మా ఊళ్ళో కడలి అనే మాట ఎవరి నోటా రాదు. కన్నడంలో కడలె అంటే శనగలు. గంజ్‌లో పొద్దంతా వినిపించేది ఆ మాటే. వెనక వరసలో కునుకు తీస్తున్న అత్త ఉలిక్కిపడి లేచి, అందరికంటే ముందు జవాబు చెప్పింది: "పప్పు మిషిని, అయ్యగారూ!"

ఇందులో నా కల్పన ఒక్క ముక్క లేదు. ఉంటే ఇంత బాగుండేది కాదు. కూడికంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత కూరగాయల బండి దగ్గరా, కుళాయి దగ్గరా "ఏమక్కా, మిషిని నడుస్తుందా?" అని ఒకటే పలకరింపులు. చివరికి అత్త మామ మంచం పక్కన వచ్చి నిలబడింది.

"ఒక్కపారి సముద్రం చూపెట్టు. చూసొచ్చి వీళ్ళ నోళ్ళు మూపిస్త."

"నీళ్ళే గదనే. బిందెల లేవా?"

"బిందె చూసుకుంటనే ముసల్దాన్నైతి."

అలా ఎండాకాలమంతా అడిగింది. మామ వస్తాననలేదు, రాననలేదు. ఒకనాడు నన్ను పిలిచి చెవిలో చెప్పాడు: "అల్లుడా, నీ నోరు ఇన్నేండ్లు బేకార్ పోయింది. ఇయ్యాల పనికొస్తది. మీ అత్తకు సముద్రమంటె రోత పుట్టాలె."

అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్ళు కారంజా డ్యామే. అయినా వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకున్నాను. "అత్తా, సముద్రం చూసినోళ్ళకు ఏడాది దాక నాలిక మీది ఉప్పు పోదు. ఇంటికొచ్చి వండితె అందాజ్ తెల్వదు. కూర చెడ్తది, మొగుడు ఎళ్ళగొడ్తడు. ఆ ఒడ్డు పొంటి గట్ల ఎళ్ళగొట్టిన ఆడోళ్ళదే ఒక గల్లీ ఉంది. నేను పోయి చూసిన."

అత్త కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఓరి నీ నోట్ల మన్నువడ!" అంది. మరునాటి నుంచి సముద్రం ఊసెత్తలేదు. కథ పారిందని మామ నాకు తన చేత్తో చాయ్ పోశాడు. సిగ్గు లేకుండా తాగాను.

రెండు వానాకాలాలు గడిచాక అత్త గుండె జబ్బుతో మంచం పట్టింది. దూరం పోవద్దన్నాడు డాక్టరు. ఇక దాచుకోలేక ఆమె పక్కన కూర్చుని ఒప్పుకున్నాను: ఆ గల్లీ లేదు, నేను సముద్రం చూడనే లేదు.

"తెల్సురా," అంది, కళ్ళు మూసుకునే. "నీ మాట ఎన్నడన్న నమ్మిన్నా? వాకిట్లకెళ్ళి వంటింట్లకు నాలుగడుగులు. 'నేను రానే' అని చెప్పెటందుకు గంత దూరం గూడ రాలే మీ మామ. నిన్ను తోలిండు. గందుకే అడుగుడు బంద్ చేసిన."

కొద్ది రోజులకే అత్త పోయింది. ఆదరణ కూడికలో ఒక పెద్దాయన లేచి, లారీ దిగిన నాటి నుంచి భార్యను విడిచి ఒక్కపూటైనా ఎక్కడికీ పోని భర్త మా మామ అని సాక్ష్యం చెప్పాడు. అందరూ ఆమేన్ అన్నారు. మామ తల వంచుకున్నాడు. చెప్పడానికి నా దగ్గర మొదటిసారి ఒక నిజం ఉంది. నేనూ ఆమేన్ అన్నాను.

ఇల్లు కదలకపోతే కాలమూ కదలదనుకుంటాం. అది వాకిట్లో మన ఎదుటే తీరిగ్గా కూర్చున్నట్టుంటుంది. వంటింట్లోని మనిషిని వెనక తలుపు గుండా ఎప్పుడు తీసుకుపోతుందో మనకు చప్పుడైనా వినపడదు.