అర్గిరో కేకులో ఏడో ముక్క

మెల్‌బోర్న్‌లో ఓక్లీ చుట్టుపక్కల గ్రీకు ఆడవాళ్ళలో అర్గిరో నోటికి జడవనివాళ్ళు లేరు, ఆమె చేతి పాలకూర రొట్టెకి లొంగనివాళ్ళూ లేరు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది, చర్చి హాల్లో రెండొందల మందికి చెయ్యి తడబడకుండా వండింది. ఎవరైనా వంటలో సలహా ఇవ్వబోతే, "మా అమ్మ నాకు అన్నీ నేర్పే పంపింది" అని నోరు మూయించేది.

ఆ మాట మొదటిసారి అన్నది అత్తగారితో. కొండ ఊళ్ళో పుట్టిన అర్గిరో, పందొమ్మిదేళ్ళకి లెస్బోస్ దీవి కుర్రాడు స్త్రాతిస్‌ని చేసుకుని, మెల్‌బోర్న్ ఓడ ఎక్కేలోపు మూడు నెలలు అత్తగారింట్లో ఉంది. అత్తగారు మిర్సిని ఉల్లి పొట్లాలు చేస్తూ, అంటే ఉడికిన ఉల్లిపాయని పొరపొరగా విప్పి, ఒక్కో పొరలో కైమా, బియ్యం పెట్టి చుడుతూ, "రా పిల్లా, చూపిస్తాను" అంది. అర్గిరో ఆ మాట విసిరేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

రెండేళ్ళ తర్వాత మిర్సిని ఉత్తరంలో కాగితం పొట్లం కట్టి నాలుగు దానిమ్మ గింజలు పంపింది. కోడలి వంటింటి కిటికీ పక్కన నాటమని రాసింది. స్త్రాతిస్ నాటాడు. కాయలు కాశాక అర్గిరో ఒకటి కొరికి ఉమ్మేసింది.

"చూశావా మీ అమ్మకి నా మీద ఎంత ప్రేమో! ఏడు సముద్రాలు దాటించి మరీ పులుపు పంపింది."

అప్పటినుంచి ఏటా ఆ చెట్టు కొట్టించమని ఆమె, వద్దని ఆయన. కాయలు చిలకలు తినేవి, తొక్కలు అర్గిరో ఊడ్చేది. ఉల్లి పొట్లాలు కూడా తన పద్ధతిలో చేసేది. స్త్రాతిస్ పళ్ళెం రొట్టెముక్కతో తుడుచుకుని మరీ తిని, "బాగున్నాయే. మా అమ్మవి మాత్రం కావు" అనేవాడు. యాభై ఏడేళ్ళు అదో సరదా మాటలాగే సాగింది.

ఈ శరత్కాలంలో సరదా పోయింది. కడుపు ఆపరేషనై ఇంటికొచ్చిన స్త్రాతిస్ తిండి మానేశాడు. ఇంకో రెండు కిలోలు తగ్గితే మళ్ళీ ఆస్పత్రే, అక్కడినుంచి తిరిగొస్తాడో లేదో చెప్పలేం అన్నాడు డాక్టరు. అర్గిరో మంచం పక్కన కూర్చుంది.

"ఏం తింటావో చెప్పవయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"అమ్మ చేసే ఉల్లి పొట్లాలు. పుల్లగా ఉండేవి. నిమ్మ పులుపు కాదు, టమాటా కాదు... ఏంటో నాకేం తెలుసు, మమ్మల్ని వంటింట్లోకి రానిస్తేగా!"

అడుగుదామంటే మిర్సిని పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇక చేసేది లేక అర్గిరో ఫనూరియోస్ కేకు చేసింది. పోయిన వస్తువు దొరకాలంటే ఆ పునీతుడి పేర కేకు చెయ్యాలి. గుడ్డు, వెన్న తగలకూడదు, నూనె, నారింజ రసమే. వేసే దినుసులు బేసి లెక్కలో ఉండాలి, ఏడిళ్ళకి పంచాలి. కలుపుతూ ఆ పునీతుడి తల్లి పాపాలు పోవాలని వేడుకోవాలి. ఆవిడ గయ్యాళి, బతుకంతా కలిపి ఒక్క ఉల్లిరేకు దానం చేసిందట. "పునీతుడి అమ్మని దేవుడు క్షమించుగాక" అంటుంటే అర్గిరోకి వేరే అమ్మ గుర్తొచ్చింది. పిండి ఇంకాస్త గట్టిగా గిలక్కొట్టింది.

కేకు ముక్క ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: "ఉల్లి పొట్లాల్లో పులుపు దేంతో పెడతావు?" అందరూ బిత్తరపోయారు. "అర్గిరో వంట అడుగుతోందా? జ్వరంగానీ తగిలిందా?" అని సైప్రస్ నుంచి వచ్చిన ఆంద్రులా అనే ఆవిడ ఏకంగా నుదురు ముట్టుకుని చూసింది. ఆవిడ వెనిగర్ పోసి దాల్చినచెక్క వేస్తుంది. ఇస్తాంబుల్‌లో పుట్టినావిడ నిమ్మరసం పిండి ఎండుద్రాక్ష కలుపుతుంది. అడిస్ అబాబాలో పెరిగినావిడ టమాటాలో పండుమిరప దంచి వేస్తుందిట! నలభై ఏళ్ళుగా వీళ్ళ పక్కనే వండుతూ ఇంత రుచిని వదిలేసుకున్నానా అని అర్గిరోకి తనమీద తనకే ఒళ్ళు మండింది. ఆరిళ్ళు అయ్యాయి. స్త్రాతిస్ చెప్పిన పులుపు మాత్రం దొరకలేదు.

ఏడో ఇంటికి మిగిలింది క్లియోనికి అనే ఆవిడ ఒక్కతే. అలెగ్జాండ్రియాలో పుట్టిన మనిషి. తొమ్మిదేళ్ళ కిందట ఫాదరుగారి ముందే అర్గిరో వంటలో ఉప్పు చాలలేదంది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఏంటి, దారి తప్పావా?" అంది క్లియోనికి తలుపు సగం తీసి.

"ఏడో ఇల్లు కావాల్సొచ్చింది. ఇంకెవరూ దొరకలేదు."

"అయితే లోపలికి తగలడు. ఏం పోయింది?"

"మా అత్తగారి ఉల్లి పొట్లాలు. ఆవిడ చిన్నప్పుడు యుద్ధంలో ఎదుటి ఒడ్డునున్న ఐవాలి ఊరినుంచి మనవాళ్ళని తరిమేస్తే లెస్బోస్‌కి పారిపోయొచ్చిందిలే."

క్లియోనికి చేతిలో కేకు ముక్క ఆగిపోయింది. "మా అమ్మమ్మదీ ఐవాలీయే. ఈవిడ ఇంకో పడవెక్కి మా ఊళ్ళో దిగింది. వాళ్ళది దానిమ్మ పులుపు తల్లీ. పుల్ల దానిమ్మ రసం చిక్కబడేదాకా కాచి పొయ్యాలి. తియ్యటివి పనికిరావు. ఇక్కడ పుల్లవి దొరక్క నేనే మానేశాను."

అర్గిరో క్లియోనికి చెయ్యి పట్టుకుని బరబరా తన పెరట్లోకి లాక్కొచ్చింది.

చిలకలు వదిలేసిన కాయలు పదకొండు దొరికాయి. ఇద్దరూ పిండారు, కాచారు, చుట్టారు. ఉప్పు చాలలేదంది క్లియోనికి. అర్గిరో కిక్కురుమనకుండా వేసింది.

స్త్రాతిస్ ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. ఏం చెబుతాడా అని ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూస్తుంటే, "రొట్టె ఏదే?" అన్నాడు. పళ్ళెం తుడుచుకు తిన్నాక చెప్పాడు. "అమ్మవే."

అర్గిరో వంటింట్లోకొచ్చి కిటికీ దగ్గర నిలబడింది. నేర్పుతానంటే వద్దన్న పిల్లకి మిర్సిని ఆ వంటని గింజల్లో పంపింది. యాభై ఏళ్ళుగా తను దాన్ని చీపురుతో ఊడ్చి పారేసింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"పునీతుడి అమ్మని దేవుడు క్షమించుగాక," అంది చెట్టుని చూస్తూ. "ఈ కోడల్ని కూడా."