కిర్రుమనని ఉయ్యాల

పాత సామాను కొనేవాళ్లు చెక్కకు చెద పట్టిందా, ఇత్తడి అసలుదేనా అని చూస్తారు. మా మేనత్త వజ్రమ్మ మాత్రం చెవి ఒగ్గి వింది. దుకాణంవాడి చేత ఆ టేకు ఉయ్యాలను దూలానికి కట్టించి, ఊపించి, అది కిర్రుమన్నాకే కొడుకు నరహరితో "గిదేరా, తీస్కో" అంది. బేరం కూడా ఆడనివ్వలేదు మహాతల్లి.

సూరత్ పాత బస్తీలో ఒక శేఠ్ గారి నడిమింట్లో వేలాడిన ఉయ్యాల అది. గుజరాతీల ఇళ్లలో పెద్దవాళ్లే ఉయ్యాల మీద కూర్చుని చాయ్ తాగుతారు, కబుర్లు చెప్పుకుంటారు. పెళ్లయి సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్తలో అత్త ఆ ఇంట్లో నేల మీద కూర్చుని కండెలకు నూలు చుట్టేది. పైన శేఠాణి ఊగేది. ఆ కిర్రు వింటూ చంటి నరహరి అత్త ఒళ్లో నిద్రపోయేవాడు. అత్తను ఎవరూ పైన కూర్చోమనలేదు, ఆమే అడగలేదు. ఇన్నేళ్లకు ఆ ఇల్లు పడగొట్టి సామానంతా అమ్మేశారు. "ఒక్కసారన్న దాని మీద కూసోని గా చప్పుడు ఇనాలె" అని అత్త పట్టుబట్టింది. 

సూరత్‌లోనే అమ్రోలిలో ఉన్న తమ ఫ్లాట్‌లో ఉయ్యాల వేలాడదీశారు. మంచి రోజు చూసుకుని, పట్టుచీర కట్టుకుని అత్త కూర్చుంది. ఊగింది. చప్పుడు లేదు.

అత్త మొగుడు ముత్యం మామ పొద్దున్నే కొక్కేలు విప్పి, తుప్పంతా గీకి, గ్రీజు పట్టించాడు. బతుకంతా సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపిన మనిషి. ఆ మోతలోనే చెవులు పోగొట్టుకున్నాడు. ఇనుము ఇనుమును ఒరుసుకుంటే ఆయన చేతికి తెలిసిపోతుంది, చూస్తూ ఊరుకోలేడు.

అత్త అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఎవలు జెయ్యమన్నరయ్యా నిన్ను? నా చప్పుడేది? చెవిటోని ముందల శంఖం ఊదినట్టాయె నా బతుకు!"

సాంచాల మోతలో మాట్లాడుకునే చేతి సైగలతో మళ్లీ అదే తిట్టు తిట్టింది. తిట్టు ఆయనకు అందాలి కదా మరి.

మామ తెల్లబోయాడు. "గది చప్పుడు జేస్తదా? నాకెట్ల ఎరుక? నువ్వు కూసుంటవని సాఫ్ జేసిన."

అత్త మొహం తిప్పుకుంది. మామ మెల్లగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నాకు గూడ ఒక్కటి యాదికున్నది. ఇంట్ల కండెలు సుట్టుకుంట పాడుతుంటివి సూడు, గా పాట. అప్పటి నీ గొంతే నా చెవులల్ల ఉన్నది. ఇప్పుడెట్లున్నదో ఎరుక లేదు."

అత్త కోపం ఎటు పోయిందో పోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మామ ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"జర పాడరాదె? నోరు జూస్త."

అత్త పాడింది.