అంతయ్య నోరు మూసుకున్న వారం

ఎల్బీనగర్ చౌరస్తాలో ప్రైవేటు బండ్లకు ప్యాసింజర్లను పిలవడం అంతయ్య పని. ‘నల్గొండ, నకిరేకల్, సూర్యాపేట’ అని ఆయన ఒక్క గుక్కలో అంటే, ఎటు పోవాలో తేల్చుకోని మనిషి కూడా ఎక్కి కూర్చుంటాడు. నేనూ ఒకసారి అట్లాగే నకిరేకల్ పోయి వచ్చాను. అక్కడ నాకు పనేం లేదు. ఇక్కడ కూడా లేదు.

పోయిన నెల ఆ గొంతు బొంగురుపోయింది. లోపల వాపు ఉంది, వారం రోజులు ఒక్క మాట మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దన్నాడు డాక్టరు. వినకపోతే ఆపరేషన్, ఆ తర్వాత గొంతు ఎట్లుంటుందో చెప్పలేనన్నాడు. గొంతు పోతే అంతయ్యకు పనే పోతుంది.

మొదటిరోజే అల్మాస్‌గూడలో మా గల్లీలోకి ఒక కారు రివర్సులో వచ్చింది. అంతయ్య కాసేపు చేతులతో సైగ చేశాడు. చివరికి ఆగలేక, “లెఫ్ట్ కొట్టు, లెఫ్ట్ కొట్టు” అన్నాడు.

“గీయన్ని మనుషులు లేని కాడికి తోల్కపోవాలె తమ్మీ” అంది ఆయన భార్య అండాలమ్మ నాతో.

అంతయ్య రోజూ ప్యాసింజర్లతో నింపే తుఫాన్ జీపు సాయినాథ్‌ది. ఆ శనివారం అతను కాలనీవాళ్లను నల్లమల అడవిలో కృష్ణ ఒడ్డున డేరాలు వేసే చోటికి తీసుకుపోతున్నాడు. మేం ముగ్గురమూ ఎక్కాం. ఈ నగరంలో నోరు మూసుకోవాలన్నా కిరాయి కట్టి ఊరు దాటాలి.

అడవి గేటు దగ్గర గార్డు, “లోపల అరవొద్దు, జంతువులు బెదురుతయి” అన్నాడు.

“జర గీయనకు ఇంకొకసారి జెప్పుండ్రి సారు” అంది అండాలమ్మ.

నది నిజంగానే మౌనంగా ఉంది. మావాళ్లు కాసేపు దాన్ని చూసి, సిగ్నల్ కోసం ఫోన్లు పైకెత్తారు. అంతయ్య మాత్రం రాయి మీద కూర్చొని నదినే చూస్తున్నాడు. ఇంతలో చూడ్డానికి వచ్చినవాళ్లను ఎక్కించుకొని ఒక పడవ కదిలింది. అందులో మూడు సీట్లు ఖాళీ. అంతయ్య లేచి నిలబడ్డాడు. మూడు వేళ్లు చూపించాడు. నోరు తెరిచాడు. అండాలమ్మ ఆ నోట్లో ఒక సర్వపిండి ముక్క పెట్టింది. పడవ ఆ మూడు సీట్ల ఖాళీతోనే పోయింది. ఆయన మొహం చావుకబురు విన్నట్టు అయింది.

మర్నాడు సాయంత్రం బయల్దేరే వేళకు అండాలమ్మతో సహా అందరూ ఒడ్డు వెంట నడుచుకుంటూ ఎటో పోయారు. పొద్దు గూకితే గేటు మూస్తారు. ఫోన్లు కలవవు.

“మామా, ఒక్కసారి పిలువు. ఒక్కటంటే ఒక్కటే. అత్త లేదుగద” అన్నాడు సాయినాథ్.

అంతయ్య ఛాతీ నిండా గాలి పీల్చాడు. మెడ నరాలు పొంగాయి. నేను కళ్లు మూసుకున్నాను. ఏమీ వినబడలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన బండి వెనక్కి పోయి, అరచేత్తో దాని పక్కరేకు మీద రెండు దెబ్బలు వేశాడు. చౌరస్తాలో బండి కదిలేముందు వేసే దెబ్బలే. చప్పుడు అవతలి గుట్టకు తగిలి తిరిగొచ్చింది.

పొదల్లోంచి ముందుగా అండాలమ్మ వచ్చింది, చెప్పులు చేతిలో పట్టుకొని, “ఆపుండ్రి, ఎక్కుతున్న” అంటూ. ఆమె వెనక మిగతా కాలనీ ఉరికొచ్చింది. లెక్కపెడితే ఇద్దరు ఎక్కువున్నారు. పక్క డేరాలో దిగిన చైతన్యపురి జంట, సంచులతో సహా ఎక్కి కూర్చున్నారు.

“మీ కారు లేదా అన్నా?” అని అడిగాను.

“ఉంది. చప్పుడు వినంగనే కాళ్లు ఆగలే” అన్నాడతను దిగుతూ.

గార్డు గబగబా వచ్చాడు. “ఎవరు గింత లొల్లి చేసింది?”

“మా ఆయన నోరు తెరవలే సారు” అంది అండాలమ్మ, పెళ్లైనప్పటి నుంచి ఆ మాట అనడానికే ఎదురుచూసినట్టు.

వారం నిండాక డాక్టరు గొంతులోకి లైటు వేసి చూశాడు. వాపు తగ్గిందన్నాడు. ఏదైనా ఒక మాట మెల్లగా చెప్పమన్నాడు. అంతయ్య గొంతు సవరించుకున్నాడు.

“ఆ పడవల మూడు సీట్లు ఖాళీ పోయినయి సారు” అన్నాడు.