ఎడమ సీటు కింది గొంతు

కారులో పాట పెడితే చెవికంటే ముందు నా ఎడమ చేతికి తెలుస్తుంది. గేరు మీద వేసిన అరచేతిలో సన్నటి అదురు మొదలై మోచేతి దాకా పాకుతుంది. పక్క సీటు కింద, కంచం బోర్లించినంత ఎత్తున ఒక నల్లటి పెట్టె ఉంది. సబ్‌వూఫర్ అంటారు దాన్ని. పాటకి అడుగున ఉండే బరువైన శబ్దాలను పలికించడం ఒక్కటే దాని పని. మొన్న సర్వీసింగుకి ఇచ్చినప్పుడు మెకానిక్ కుర్రాడు, "ఇంత పాత బండికి ఈ సోకెందుకండీ? తీసేద్దామా?" అన్నాడు. వాడి మీద గయ్యిమన్నాను. తర్వాత జాలేసింది, వాడికేం తెలుసు. ఆ పెట్టె నేను పెట్టించింది కాదు. కారూ నేను కొన్నది కాదు. రెండూ మా సుగుణ టీచర్ గారివి. ఆవిడ పోయాక నా దగ్గరికి వచ్చాయి.

రాజమండ్రిలో మా చర్చి క్వయర్‌ని చాలా ఏళ్ళు ఆవిడే నడిపారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది, ఓపిక బొత్తిగా తక్కువ. పాట నాలుగు గొంతుల్లో సాగేది. ఆడవాళ్ళలో పైస్థాయి వాళ్ళు సొప్రానో, కింది స్థాయి వాళ్ళం ఆల్టో. మగవాళ్ళలో టెనర్, అందరికన్నా అడుగున బేస్. నేను ఆల్టో. పాట బరువు మా మీద, మెప్పులు సొప్రానో పిల్లలకి. ఎవరి స్వరం జారినా టీచర్ గారు అందరి ముందూ పేరు పెట్టి పిలిచేవారు. "కరుణా, కాలవ గట్టు దిగిపోతున్నావు, పైకి రా!" అని నన్ను ఎన్నిసార్లు నవ్వులపాలు చేశారో. ఆఫీసులో మా పెద్ద సారుకి కూడా భయపడని నేను, శనివారం సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్ళాలంటే మంచినీళ్ళు తాగి బయలుదేరేదాన్ని.

ఆవిడ భర్త ప్రకాశరావు గారు బేస్ పాడేవారు. ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆరడుగుల మనిషి. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. పాటలో మాత్రం ఆయన కింది స్వరం పట్టుకుంటే మేం కూర్చునే బెంచీలు సన్నగా అదిరేవి. ఆయనకి డ్రైవింగ్ రాదు, నేర్చుకోనూ లేదు. టీచర్ గారు సీటు మీద దిండు వేసుకుని కారు నడిపితే, ఆయన ఎడమవైపు మోకాళ్ళు ముడుచుకుని బుద్ధిగా కూర్చునేవారు. వెనక సీట్లో మేము ముగ్గురం ఆడవాళ్ళం. డిక్కీలో హార్మోనియం, పాటల పుస్తకాల సంచులు. ఎవరింట్లో మరణం జరిగినా మా క్వయర్ వెళ్ళి పాడాలి. ఇంటి దగ్గర ఒక పాట, సమాధుల తోటలో ఒక పాట. ఆ చిన్న కారు జనాన్ని పెళ్ళిళ్ళకన్నా చావులకే ఎక్కువ మోసింది.

ఒక ఏడు గుడ్ ఫ్రైడే ఆరాధనలో చర్చి కీబోర్డు తోడుగా మేం కష్టమైన పాటొకటి పాడాం. చివరి చరణం చివర బేస్ బాగా కిందికి దిగి ఆగాలి. మా క్వయర్‌లో బేస్‌లు ఇద్దరే, ప్రకాశరావు గారూ, ఆయన తయారుచేసిన ఆనంద్ అనే కుర్రాడూ. ఆ లోతు ఆనంద్‌కి అందదు, పెద్దాయనదే ఆ చోటు. పాట బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. ఎండలు ముదిరేసరికి ప్రకాశరావు గారికి అన్నం దిగడం మానేసింది. కాకినాడ తీసుకెళితే గొంతులో కేన్సర్ అన్నారు. "ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?" అని డాక్టరు టీచర్ గారినే అడిగాడట. వానలు వెనకపట్టకముందే ఆయన పోయారు. భూస్థాపనకి మేమే పాడాం. బేస్ ఆనంద్ ఒక్కడే పాడాడు, వాడి గొంతు మధ్యలో రెండుసార్లు తెగిపోయింది. టీచర్ గారు ఆ రోజు ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు.

ఆయన గొంతున్న పాత క్యాసెట్లు ఎప్పుడో బూజు పట్టిపోయాయి. మిగిలింది ఆ గుడ్ ఫ్రైడే పాట ఒక్కటే, మైకులు చూసే అబ్బాయి ఫోన్లో రికార్డు చేసింది. ఆవిడ దాన్ని కారులో పెట్టుకుని వినేవారు. ఇంట్లో వినబుద్ధి కాదనేవారు. నేను పక్కనుంటే నాకూ వినిపించేవారు. సొప్రానోలు సూదుల్లా వినపడతారు, ఆల్టో పర్వాలేదు, అడుగున ఏదో గొణుగుడు. "ఈ డబ్బా స్పీకర్లు ఆయన్ని మింగేస్తున్నాయి కరుణా," అన్నారొక రోజు. "అంత గొంతు ఇందులోంచి ఎలా వస్తుంది? ఏదో ఒకటి చెయ్యాలి."

అలా ఇద్దరం మెయిన్ రోడ్డులో కారు స్పీకర్లు బిగించే బాబ్జీ షాపుకి వెళ్ళాం. చెవికి పోగు పెట్టుకున్న కుర్రాడు, నోట్లో మాట ఆగదు. డిక్కీ తెరిచి చూసి, "ఇక్కడ పెద్ద బాక్సు కొట్టిద్దామండీ. వీధి వీధంతా అదిరిపోద్ది," అన్నాడు.

"వీధికెందుకు బాబూ, నాకు వినపడితే చాలు. డిక్కీ జోలికి రావొద్దు, అందులో మా హార్మోనియం పట్టాలి. వెనక సీటు జోలికీ రావొద్దు, మనుషులు కూర్చోవాలి."

"మరి నా నెత్తి మీద పెట్టమంటారేంటండీ?"

నేను హడలిపోయాను. ఆవిడ మాత్రం, భర్త పోయాక మొదటిసారి అనుకుంటాను, పకపకా నవ్వారు. ఎడమవైపు సీటు చూపించి, "దీని కింద పట్టేది లేదా?" అన్నారు. బాబ్జీ నేల మీద కూర్చుని టేపుతో సీటు కింద ఎత్తు కొలిచాడు. సన్నటి రకం ఉందనీ, శబ్దం పెంచే మెషిన్ కూడా దాన్లోనే ఉంటుందనీ, సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుందనీ, కాళ్ళకి కూడా అడ్డం రాదనీ చెప్పాడు. పెద్ద బాక్సంత మోత రాదు కానీ మనిషి గొంతుకి బ్రహ్మాండంగా ఉంటుందన్నాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆయన కూర్చున్న చోటు నుంచే ఆయన గొంతు రావాలని ఆవిడ ఆశ. నాతో పైకి అనలేదు. అనక్కర్లేదు కూడా.

బోల్టులు విప్పి సీటు పైకెత్తితే కింద చెత్త బయటపడింది. గొంతు నొప్పికి చప్పరించే బిళ్ళల ఖాళీ రేకులు. ఒకటీ రెండూ కాదు, చారెడు. సీటు పట్టాల సందుల్లోకి కుక్కి ఉన్నాయి. బాబ్జీ చేటతో ఎత్తి, "దుకాణం పెట్టారేంటండీ ఇక్కడ?" అన్నాడు. టీచర్ గారు మళ్ళీ నవ్వారు. "మా ఆయనకి ఏదో ఒకటి చప్పరిస్తూ ఉండాలి. చెత్త బయట పారెయ్యండీ అని నేను గోలపెడితే, ఇక్కడ దాచారన్నమాట!" బ్యాటరీ దగ్గర్నుంచి వైరు లాగి, మ్యాటు కింద పరిచి, పెట్టె బిగించి, సీటు యథాస్థానంలో పెట్టేశాడు. బయటి నుంచి చూస్తే ఏమీ మారినట్టే లేదు.

షాపులోనే విందామన్నా ఆవిడ ఒప్పుకోలేదు. గోదావరి గట్టు మీద జనం లేని చోటికి తీసుకెళ్ళి కారు ఆపారు. నన్ను వెనక కూర్చోమన్నారు. ఎడమ సీటు ఖాళీగా ఉంచారు. అద్దాలన్నీ ఎక్కించి పాట పెట్టారు.

చర్చిలో నిలబడ్డట్టే ఉంది. కీబోర్డు కింది మెట్లు నేల కింద నుంచి వస్తున్నాయి. ఇన్నాళ్ళూ గొణుగుడులా ఉన్న బేస్ ఇప్పుడు మాట మాట విడివిడిగా వినపడుతోంది. వినపడేకొద్దీ అది ఆనంద్ గొంతని తెలుస్తోంది. ఆనంద్ గొంతు ఒక్కటే. టీచర్ గారు తల పక్కకి వంచి, ప్రాక్టీసులో వినేటట్టు వింటున్నారు. చివరి చరణం వచ్చింది. బేస్ కిందికి దిగాల్సిన చోట ఆనంద్ అందక పైస్థాయిలో ఆగిపోయాడు. ఆ లోతులో కీబోర్డు తప్ప ఇంకేమీ లేదు.

ఆవిడ మళ్ళీ పెట్టారు. మళ్ళీ పెట్టారు. "మైకు దూరంగా ఉందేమోనండీ," అన్నాను.

"పక్కపక్కనే కదమ్మా నిలబడ్డారు ఇద్దరూ," అన్నారావిడ. పాట ఆపేసి స్టీరింగు పట్టుకున్నారు. "ఆయన పాడలేదు కరుణా. నేను ఎదురుగా నిలబడ్డాను. నోరు పెద్దగా తెరిచి అందరితో పాటే కదిపారు. చూసి, విన్నాననుకున్నాను. ఆ రోజు నా చెవంతా కొత్త సొప్రానో పిల్లల మీదే ఉంది."

నేను సీట్ల మధ్య నుంచి ముందుకి వంగాను.

"స్వరం తప్పితే అందరిలో పేరు పెట్టి పిలుస్తాను కదా నేను. గొంతు బాలేదని చెప్పలేక, తప్పుగా పాడలేక, ఊరికే నోరు కదిపారు. ఎన్నాళ్ళ నుంచి కదిపారో. ఇంతకుముందు ఆ రేకులు చూసి కూడా నవ్వాను చూడు."

ఆ మాటన్నాక ఆవిడ ఏడ్చారు. పెద్దగా, సిగ్గు లేకుండా. నేను వెనక నుంచి భుజం పట్టుకున్నాను. ఆ ఏడుపు విన్నాక నాకు చావంటే భయం తగ్గి, మనుషులంటే భయం పెరిగింది. ఎవరు లోపల ఏం దాచుకుని మన ఎదురుగా నవ్వుతున్నారో అని. పెట్టె తీయించేస్తారనుకున్నాను. తీయించలేదు. "నిజం చెప్పింది ఇదొక్కటే, ఉండనీ," అన్నారు.

ఆ తర్వాతి శనివారం నుంచి ప్రాక్టీసు మారిపోయింది. ఆవిడ మాకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడి వినేవారు. నోళ్ళు చూడకూడదని. కొత్తవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. తప్పు పాడినవాళ్ళని పేరు పెట్టి పిలవడం మానేశారు. "తప్పయినా సరే, పాడండి. వినపడండి చాలు," అనేవారు. అంత కఠినమైన మనిషి అలా బతిమాలుతుంటే నేను ఇంకాస్త గట్టిగా పాడేదాన్ని.

రెండేళ్ళ తర్వాత అనుకుంటాను, ఒక సాయంత్రం పాట మధ్యలో ఆవిడ చెయ్యెత్తి ఆపారు. గోడ వైపు నుంచి తిరగకుండానే, "ఆల్టోలో ఒకరు లేరు," అన్నారు. అందరం ఉన్నాం. ప్రాక్టీసయ్యాక తాళాలు తీసుకుని, "కరుణా, నువ్వు నాతో రా," అని నన్ను ఎడమ సీట్లో కూర్చోబెట్టారు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండి. నీరసం."

ఆవిడ కారు తియ్యలేదు. "ఆయన్ని నేను అడగలేదు. నిన్ను అడుగుతున్నాను," అన్నారు.

నా రొమ్ములో గడ్డ సంగతి అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భయంతో కొన్నాళ్ళుగా గొంతు పెగలక నోరు మాత్రమే కదుపుతున్నాను. ఆ సీట్లో చెప్పేశాను. మర్నాడు ఆవిడే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఒక రొమ్ము పోయింది, జుట్టు పోయింది, మళ్ళీ వచ్చింది. మనిషిని మిగిలాను. ఆవిడ పోయినేడు నిద్రలోనే వెళ్ళిపోయారు, ఎవరికీ అడిగే అవకాశం ఇవ్వకుండా. అందుకు ఆవిడ మీద నాకు ఇంకా కోపమే.

ఇప్పుడు క్వయర్ నేను చూస్తున్నాను. గోడ వైపు తిరిగే వింటాను. పోయిన శనివారం రెండో చరణంలో సొప్రానో వైపు ఏదో పలచబడింది. గభాలున వెనక్కి తిరిగి చూశాను. అందరి నోళ్ళూ కదులుతున్నాయి, అందరి ముఖాలూ నవ్వుతూనే ఉన్నాయి. మళ్ళీ గోడకి తిరిగి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క గొంతే వెతుక్కుంటూ చివరిదాకా విన్నాను. పాట అయ్యాక తాళాలు చేతిలోకి తీసుకున్నాను.

"సౌజన్యా, నువ్వు నాతో రామ్మా," అన్నాను.