డబ్బా మీద తుడిచేసిన మాట

ఆరేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగితే అరిగిపోతుందనుకున్నాను. అరగలేదు. ఎవరి పెళ్లిలో ఎవరు దేనికి అలిగారో, ఏ ఏడు ఏ వాగు రోడ్డెక్కిందో ఇంట్లోవాళ్లు నన్నే అడుగుతారు. అన్నీ చెప్తాను. ఇది మాత్రం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జాలిపడకండి. నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

మెదక్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో నేనూ షకీలా వంట చేసేవాళ్లం. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆమె బడి గడపే తొక్కలేదు. హాస్టల్ పిల్లల దగ్గర కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకుని మొట్టమొదట రాసింది చక్కెర డబ్బా మీద. తన ఇంట్లో ఎట్లా పలుకుతారో అట్లాగే, నల్ల రంగుతో, వంకర టింకరగా, "శక్కర" అని. రాసి పిల్లలందరినీ పిలిచి చూపించింది. ఆ మాట నేను రోజుకు పదిసార్లు చూసేదాన్ని. తెలియదని ఎట్లా అంటాను?

ఇంతలో వంటవాళ్లకు కంప్యూటర్లో పరీక్ష అన్నారు. పాసైనవాళ్లే పొయ్యి దగ్గర ఉండాలట. వయసు నిండి ఆ నెలతో నా పని అయిపోతోంది కాబట్టి పరీక్ష నాకు లేదు. నా గంటె ఇక షకీలా చేతికే. పరీక్ష తయారుచేసే రజిత అనే అమ్మాయి, మా దిక్కు మాటలు తెలుసుకోవాలని ల్యాప్‌టాప్‌తో వంటింట్లోకే వచ్చింది. షకీలా నన్ను చూపించి నవ్వుతూ అంది: "మా అక్కను అడుగుండ్రి మేడమ్. కూర కన్నా కథలే మస్తు వండుతది."

పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది.

షకీలా నీళ్లకు పోయింది. రజిత ప్రశ్న చదివింది. వాంతులవుతున్న పిల్లకు కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పుతో పాటు ఏం కలపాలి? కింద ఖాళీ గడి. జవాబు "పంచదార" అని పెట్టింది.

"గట్లెవరంటరు బిడ్డా? మా దిక్కు చక్కెర అంటరు."

"గవే చెప్పుండ్రి పెద్దమ్మా. ఈ కంప్యూటర్‌కు అర్థం తెల్వది, అక్షరాలే చూస్తది. మనం పెట్టిన మాటల్ల లేకపోతే ఎర్ర గీత గీసి, మార్కు గూడ అదే కోస్తది. మనిషి దిద్దేది లేదు."

"అట్లయితే చక్కర, చెక్కర గూడ పెట్టు. కౌడిపల్లి హాస్టల్ల వండే ఎల్లవ్వ గట్లనే రాస్తది."

రెండూ పెట్టింది. "ఇంకేమన్న అంటరా?"

ల్యాప్‌టాప్ పక్కనే డబ్బా. అక్షరాలు నా వైపే తిరిగి ఉన్నాయి.

"ఇంకేమనరు," అన్నాను.

చూశారా? ఎల్లవ్వ తప్పులకు కూడా చోటు అడిగి పెట్టించాను. షకీలా మాటకు పెట్టించలేదు. ఒక నవ్వులాట మాటకా ఇంత? లేక నా పొయ్యి దగ్గర ఆమె నిలబడుతుందనా? ఇన్నేళ్లు తవ్వినా రెండూ కనిపిస్తాయి, ఏది పెద్దదో తేలదు.

పది మార్కులకు ఎనిమిది రావాలి. షకీలాకు ఏడు వచ్చాయి. రెండు నిజంగానే తప్పు రాసింది. మూడోది ఒప్పే, నేను తప్పు చేయించాను.

"శక్కర తప్పెట్లయితది సార్?" అని హాస్టల్ సారును నిలదీసింది. "పొద్దుగాల మీరు తాగిన చాయ్‌ల గదే ఏసిన గదా!"

"నేనేం జేస్త షకీలా? కంప్యూటర్ ఏసిన మార్కులు."

కంప్యూటర్ అట! ఆ మాట వింటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి. దానికేం తెలుసు? నా నోట్లోంచి వచ్చినవే దానికి తెలుసు. సారుకు తెలియదా ఆ చాయ్ తియ్యగా ఉందని? ఒక్కరైనా ఆ గడి వెనక ఏముందో తెరిచి చూశారా?

షకీలా నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వన్న జర చెప్పు."

"పరీక్షంటే గట్లనే ఉంటది," అన్నాను.

ఇప్పుడామె మనోహరాబాద్ దిక్కు ఒక కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోముతోంది. బస్టాండులో ఒకసారి కనిపించి, "మంచిగున్నవా అక్కా?" అని చెయ్యి పట్టుకుంది. ఆమెకు తెలియదు. ఆ చేతిని విడిపించుకుని బస్సెక్కాను.

ఇంకొకటి ఉంది. ఆమెను పనిలోంచి తీసేసిన సాయంత్రమే ఆ చక్కెర డబ్బాను బూడిదా పీచూ పెట్టి, అక్షరం మిగలకుండా గోకి తోమాను. రజిత మళ్లీ వస్తే చూస్తుందని.

క్షమించమని అడగడానికి షకీలా ముందు నిలబడే ధైర్యం ఇవాళ కూడా లేదు. ఆమె క్షమిస్తుందేమోనని ఇంకా ఎక్కువ భయం. కానీ రజితా, నువ్వడిగినదానికి నేను అబద్ధం చెప్పాను బిడ్డా. ఇంకొకటి అంటారు. నా చేత్తో తుడిచినదాన్ని నా చేత్తోనే రాస్తున్నాను.

శక్కర.