వెనక వీధి మీదుగా

ఇళ్లు అమ్మిపెట్టే పనిలో నాకు ఇరవై ఏళ్లు నిండాయి. అందులో నేను సొంతంగా కనిపెట్టిన విద్య ఒకటుంది. కొనేవాళ్లను కొత్త కాలనీకి తిన్నగా తీసుకెళ్లేవాణ్ని కాను. ముందు వెనక వీధిలోకి తిప్పి, మురుగుకాలువ పక్కన కారు ఆపి, "ధర తక్కువ కావాలంటే ఇలాంటివీ ఉన్నాయండీ, మీ ఇష్టం" అనేవాణ్ని. వాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. అక్కణ్నుంచి కాలనీకి వెళ్లేసరికి బేరమాడటం కూడా మరిచిపోయేవాళ్లు. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ని. కాలువ మీద పలకలు కప్పేశాక కూడా మానలేదు. "వానాకాలంలో వచ్చి చూడండి" అని కొత్త అబద్ధం అందుకున్నాను.

ఆ కాలువ ఎదురుగా ఉన్నది టైలరక్క ఇల్లు. మొగుడు పోయేనాటికి అది ఒకటే గది. రెండో గది, వంటగట్టు, మెట్లు, అన్నీ ఆవిడ మిషను తొక్కి కట్టుకున్నవే. నోట్లో గుండుసూదులున్నా మాట ఆగేది కాదు. లావుపాటివాళ్లకి కొలతలు తీస్తూ "ఏమ్మా, టేపు చాలట్లేదు, ఇంకోటి అతికించమంటావా?" అనేది. ఎవరూ నొచ్చుకునేవాళ్లు కారు. ఆవిడ కుట్టిన బట్ట ఒంటికి అతికినట్టుండేది మరి.

రెండు నెలల కిందట ఆవిడే నా ఆఫీసుకొచ్చింది.

"తమ్ముడూ, ఇల్లు అమ్మిపెట్టు. మా చెల్లికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రి. రెండు బస్సులు మారి వెళ్లొచ్చేసరికి సగం మనిషైపోతోంది. ఆసుపత్రి వెనకాల రెండు గదుల ఇల్లు చూశాను, ముప్ఫై లక్షలు. దీనికి అంతొస్తే చాలు."

"ఎందుకు రాదక్కా? ముప్ఫై అయిదుకి పైసా తగ్గను" అన్నాను. అన్నది మనస్ఫూర్తిగానే. గట్టి గోడలు, మంచి వెలుతురు. ఇల్లు అంత చేస్తుంది.

మొదట వచ్చిన బ్యాంకు ఉద్యోగి అంతా చూసి బాగుందన్నాడు. గడప దాటాక నన్ను పక్కకి పిలిచాడు. "మా బావగారికి కాలనీలో ఇల్లిప్పించింది మీరేగా? ఈ వీధిలో మాత్రం కొనొద్దన్నారట?" తర్వాత ఓ స్కూలు టీచరు వచ్చింది, ఆవిడ స్నేహితురాలికీ అదే చెప్పానట. మూడో ఆయన ఇరవై రెండు దగ్గరే ఆగాడు. "వెనక వీధి కదండీ, ఊరంతా ఎరిగిందే" అన్నాడు. ఊరికి ఎరిగించిన నోరు నాదే. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత అంటారు. చేసింది నేను, అనుభవిస్తోంది ఆవిడ.

నిన్న మధ్యాహ్నం వెళ్లాను. ఆవిడ ఎవరిదో లంగా కుట్లు విప్పుతోంది. కూర్చోకుండానే అంతా చెప్పేశాను.

"అయితే ఇన్నేళ్లూ నువ్వు తెచ్చినవాళ్లంతా..."

"అవునక్కా. ఈ వీధి చూసి భయపడాలనే తెచ్చాను."

"నేనింకా తమ్ముడు మన వీధికి బేరాలు తెస్తున్నాడనుకున్నాను. నీ కారు మలుపు తిరిగితే చాలు, ఆరేసిన బట్టలు లోపలికి లాగేదాన్ని. చెత్తబుట్టలు తీయండర్రా, వీధి బాగా కనబడాలి అని పక్కింటివాళ్లని కేకేసేదాన్ని."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తక్కువ పడిన ఎనిమిది లక్షలూ నేనిస్తానక్కా" అన్నాను. దారిలో అనుకుని వచ్చిన మాటే. ఆ మాటతో ఈ బరువు దిగిపోతుందని ఆశపడ్డాను కూడా.

ఆవిడ కుట్టు విప్పడం ఆపి నావైపు చూసింది.

"ఇస్తే తీసుకుంటాను. చెల్లి ప్రాణం ముందు నాకు పౌరుషం లేదు. కానీ ఈ వరసలో ఇంకా పదకొండు ఇళ్లున్నాయి తమ్ముడూ. రేపు వాళ్లకీ అవసరం పడుతుంది. అప్పుడేం చేస్తావు? అందరికీ ఇచ్చేంత ఉందా నీ దగ్గర?"